విశాఖ తీరంలో బోటుకు క్రేను: బరువు లెక్క ఎవరిది?

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులపాటు తూర్పు తీరంలో మరబోట్ల వేట బంద్. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం పెట్టిన ఈ నిషేధమే విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మరమ్మతుల సీజన్ కూడా. ఏడాది పొడుగునా ఉప్పునీళ్లలో నానిన బోటును ఒడ్డుకెక్కించాలి. అడుగున పట్టిన గుల్లలు గీకాలి. చెక్కల సందుల్లో దూది కూరి పుట్టీ పెట్టాలి. రంగెయ్యాలి, ఇంజన్ విప్పి బిగించాలి. అన్నీ అయ్యాక బోటును క్షేమంగా మళ్లీ నీళ్లలోకి దించాలి. ఎక్కించడం ఒక గంట పని, దించడం మరో గంట పని. ఏడాది మొత్తంలో బోటుకు, దాని చుట్టూ నిలబడ్డ మనుషులకు అత్యంత ప్రమాదకరమైనవి ఆ రెండు గంటలే.

ఓడరేవు, నౌకాదళ స్థావరం, ఓడల కర్మాగారం, ఉక్కు కర్మాగారం ఉన్న ఊరు విశాఖ. బరువులెత్తడం ఇక్కడ వేలమందికి రోజువారీ పని. అయినా క్రేనుతో బోటును ఎత్తి దించే పనిలో ఏది క్షేమం, ఏది కాదు అన్న విషయం మీద అపోహలు చాలానే ఉన్నాయి. అన్నిటికంటే పెద్ద అపోహ క్రేను మీద రాసిన అంకె గురించి. ఆ అంకె చూసి ధైర్యం తెచ్చుకునేవాళ్లు ఎక్కువ, దాని అర్థం అడిగేవాళ్లు తక్కువ.

నీళ్లలోంచి తీయక తప్పదా?

తప్పదు. ఎందుకో చెప్పిన తొలి శాస్త్రీయ పరిశోధనల్లో కొన్ని విశాఖలోనే జరిగాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర విభాగంలో సముద్ర జీవశాస్త్రానికి పునాది వేసిన ఆచార్య పి.ఎన్. గణపతి, ఆయన శిష్యులు 1950లలోనే విశాఖ హార్బర్ నీళ్లలో ఓడల అడుగుకు అంటుకునే జీవుల గురించి, కలపను తొలిచే పురుగుల గురించి వరుసగా పరిశోధన చేశారు. పెంకు జీవులు అడుగున గట్టిగా పట్టుకుంటే బోటు వేగం తగ్గుతుంది, డీజిల్ ఖర్చు పెరుగుతుంది. టెరీడో జాతి తొలుచుపురుగులు అంతకన్నా ప్రమాదం. పైకి సన్నటి రంధ్రం తప్ప ఏమీ కనిపించదు, లోపల చెక్క మాత్రం గుల్లయిపోతుంది. బోటును నీళ్లలోంచి తీసి ఆరబెట్టి, తట్టి చూస్తే తప్ప ఆ సంగతి బయటపడదు.

తీసే దారుల్లో అన్నిటికంటే చవకైనది సముద్రపు పోటు. గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టంలో తేడా దాదాపు 10 మీటర్లు ఉంటుంది. అక్కడ పోటు మీద పడవను ఒడ్డుకు తెస్తే, నీరు తీసేసరికి అది నేల మీద కూర్చుంటుంది. విశాఖలో ఆ తేడా సాధారణంగా ఒకటిన్నర మీటరు దాటదు. కాబట్టి ఇక్కడ బోటును లాగడమో, ఎత్తడమో తప్ప మూడో దారి లేదు.

లాగడం పాత విద్య. భుజాలు ఆనించి, 'హైలెస్సా' అంటూ ఒక్క ఊపున పడవను ఇసుకెక్కించడం ఉత్తరాంధ్ర పల్లెకార్లకు తరతరాలుగా తెలిసిన పని. ఫైబర్ బోట్లు వచ్చాక చాలాచోట్ల ఆ పని ట్రాక్టర్లు చేస్తున్నాయి. పెద్ద బోట్లకు స్లిప్‌వే ఉంటుంది. నీళ్లలోకి వాలుగా దిగే కాంక్రీటు దారి, దాని మీద పట్టాలు, పట్టాల మీద తొట్టి, పైన దాన్ని తాడుతో లాగే విన్చి. ఇందులో బరువంతా నేల మీదే ఉంటుంది, గాల్లో వేలాడేదేమీ ఉండదు. తాడు తెగితే బోటు వెనక్కి జారుతుందే గాని మనిషి నెత్తిన పడదు.

ఓడల విషయంలోనూ విశాఖ ఎక్కువగా బరువును గాల్లో వేలాడదీయని దారుల్లోనే నడిచింది. సింధియా కంపెనీ కోసం వాల్‌చంద్ హీరాచంద్ తలపెట్టిన ఓడల కర్మాగారానికి 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. అక్కడ కట్టిన తొలి ఓడ జల ఉష 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా వాలు మీంచి జారి నీళ్లలోకి దిగింది. అణు జలాంతర్గామి అరిహంత్ 2009 జూలై 26న జలప్రవేశం చేసింది డ్రైడాక్‌లో. డాక్‌లోకి నీళ్లు వదిలితే అది తనంతట తానే తేలింది. ఆర్‌కే బీచ్‌లో సందర్శకులు చూసే కురుసుర జలాంతర్గామి నీళ్ల మీదే దాదాపు రెండు వేల టన్నులు తూగుతుంది, పొడవు 91 మీటర్లు. 2001 ఫిబ్రవరిలో నౌకాదళం నుంచి విరమణ పొందాక దాన్ని ఒడ్డుకు లాగి చేర్చారు. 2002 ఆగస్టులో మ్యూజియంగా తెరిచారు. కార్వార్ నౌకా స్థావరంలో ఉన్నది ఇంకో పద్ధతి. పది వేల టన్నుల వరకు మోయగల షిప్‌లిఫ్ట్ వేదిక నీళ్లలోకి దిగి, ఓడను నిలువునా పైకి తెస్తుంది. వేదిక అంచుల పొడుగునా వరుసగా ఉన్న విన్చిలు బరువును పంచుకుంటాయి.

మరి క్రేను ఎందుకు? స్లిప్‌వే ఖాళీ ఉండదు. డ్రైడాక్ ఖర్చు చిన్న బోటుకు మోయలేనిది. 61 రోజుల్లో అందరి మరమ్మతులూ తెమలాలి. ఫోన్ చేస్తే క్రేను వస్తుంది, గంటల లెక్కన అద్దె తీసుకుంటుంది, జెట్టీ పక్కన ఎక్కడ కావాలంటే అక్కడ నిలబడుతుంది. ఈ సౌకర్యంలోనే చిక్కు కూడా ఉంది.

యాభై టన్నులంటే ఎంత?

'50 టన్నుల క్రేను' అంటే ఎక్కడైనా 50 టన్నులు ఎత్తే క్రేను అని మామూలు మనిషికి అనిపిస్తుంది. కానీ బరువు, క్రేను ఒంటికి ఆనుకున్నంత దగ్గరగా, సాధారణంగా మూడు మీటర్ల దూరంలో ఉన్నప్పుడు మాత్రమే చెల్లే అంకె అది. నిండు బిందెను చంకనెత్తుకున్న మనిషి, అదే బిందెను చేయి చాచి పట్టుకోలేడు కదా! క్రేను తిరిగే కేంద్రం నుంచి కొక్కెం దాకా ఉన్న అడ్డదూరాన్ని రేడియస్ అంటారు. రేడియస్ పెరిగిన కొద్దీ ఎత్తగల బరువు వేగంగా పడిపోతుంది. 50 టన్నుల తరగతి టెలిస్కోపిక్ క్రేన్లలో చాలావాటికి పది మీటర్ల దగ్గర మిగిలేది 15 టన్నులకు అటూఇటూ మాత్రమే. ఏ దూరంలో, క్రేను చెయ్యి, అంటే బూమ్, ఎంత చాచినప్పుడు ఎన్ని టన్నులో చెప్పే లోడ్ చార్టు ప్రతి క్రేను క్యాబిన్‌లోనూ ఉండాలి.

జెట్టీ మీద ఈ దూరం ఎంతవుతుందో చూద్దాం. క్రేను కేంద్రం నుంచి, ఒరగకుండా పక్కకు చాచి నేలకు ఆనించే దాని అవుట్‌రిగ్గర్ కాలు దాకా సుమారు మూడు మీటర్లు. జెట్టీ అంచు కుంగకుండా కాలును మరో మూడు మీటర్లు వెనక్కి పెట్టారనుకుందాం. జెట్టీకీ బోటుకూ మధ్య ఒక మీటరు సందు. ఐదు మీటర్ల వెడల్పున్న బోటు మధ్యరేఖకు మరో రెండున్నర మీటర్లు. అన్నీ కలిపితే తొమ్మిదిన్నర మీటర్లు. అంటే బోటు దగ్గరికి వచ్చేసరికి 50 టన్నుల క్రేను నిజానికి 15 టన్నుల క్రేను అయిపోయింది.

ఇప్పుడు బోటు వైపు చూద్దాం. యజమాని 'ఇరవై టన్నులు' అంటాడు. అది ఖాళీ బోటు మాట. అడుగున నిలిచిన నీరు రెండు ఘనమీటర్లుంటే రెండు టన్నులు. ట్యాంకుల్లో మూడు వేల లీటర్ల డీజిలుంటే రెండున్నర టన్నులు. గోదాంలో కరగని ఐసు ఇంకో రెండు టన్నులు. వల, బోర్డులు, లంగరు, తాళ్లు కలిసి ఒకటిన్నర టన్ను. మొత్తం 28. కొక్కెం దిమ్మె, బెల్టులు, వాటిని విడదీసే దూలం కూడా బరువు కిందే లెక్క. అక్కడికి 29. నాని బరువెక్కిన చెక్కను, అడుగున పట్టిన గుల్లలను ఈ లెక్కలో కలపనే లేదు. పదిహేను టన్నులు ఎత్తగల చోట 29 టన్నులు ఎత్తబోతున్నారన్నమాట, అదీ 50 టన్నుల క్రేను ఉందన్న భరోసాతో.

బోటు నీళ్లలో ఉండగా ఈ తేడా బయటపడదు. అందులోనే మోసం ఉంది. మొదట్లో బరువులో చాలా భాగం నీరే మోస్తుంది, క్రేను తేలిగ్గా లాగుతున్నట్టే ఉంటుంది. బోటు అడుగు నీటిని వీడేకొద్దీ బరువు మొత్తం కొక్కెం మీదికి వస్తుంది. సరిగ్గా అప్పుడే డ్రైవరు బోటును జెట్టీ వైపు తిప్పడం మొదలుపెడతాడు. కొత్త క్రేన్లలో ఓవర్‌లోడ్ అలారం మోగుతుంది, కంప్యూటర్ కదలిక ఆపేస్తుంది. ఆ అలారాన్ని ఆపేసి పని కానిచ్చే అలవాటు ఉన్నచోట క్రేను ముందుకు ఒరుగుతుంది.

బరువు తగ్గించుకోవడం, దూరం తగ్గించుకోవడం, పెద్ద క్రేను తెప్పించుకోవడం. ఈ మూడే దారులు. రెండు క్రేన్లతో ఎత్తడం నాలుగో దారిగా కనిపిస్తుంది గాని అది మరింత కష్టం. ఒకటి కాస్త ముందు లేపినా బరువు ఏదో ఒకదాని మీదికి దొర్లుతుంది. అందుకే జంట లిఫ్టుల్లో ఒక్కో క్రేనుకు దాని సామర్థ్యంలో మూడొంతుల కంటే ఎక్కువ ఇవ్వకపోవడం బరువులు కట్టి ఎత్తించే రిగ్గర్ల ఆనవాయితీ.

ఇక హైడ్రా. ఊళ్లో ఏ మూలకు పిలిచినా వచ్చే, బరువు ఎత్తుకునే నడవగలిగే 12–15 టన్నుల క్రేను. చిన్న ఫైబర్ బోట్లకు ఇదే దిక్కు. పాతరకం హైడ్రాల్లో డ్రైవరుకు ముందు బూమ్, దానికి వేలాడే బరువు అడ్డం వస్తాయి. లోడు ఊగకుండా పట్టుకుని పక్కన నడిచే సహాయకుడు అతనికి సరిగా కనబడడు. మలుపు తిప్పినప్పుడు బండి నడుము వంగి, ఒరిగే రేఖ మారిపోతుంది. దేశంలో చాలా పెద్ద నిర్మాణ సంస్థలు తమ సైట్లలో పాత హైడ్రాలను పక్కనపెట్టడానికి కారణాలివే.

రెండు బెల్టులు, నాలుగు కొసలు

బోటుకు ఎత్తే రింగులుండవు, ఉన్నా చెక్క బోటులో వాటిని నమ్మకూడదు. ముందొకటి, వెనకొకటి అడుగు నుంచి బెల్టులు వేసి ఎత్తుతారు. రెండు బెల్టులకు నాలుగు కొసలు. 28 టన్నులు సమానంగా పంచుకుంటే ఒక్కో కొసకు ఏడు టన్నులు. ఇది కొసలు నిట్టనిలువుగా ఉన్నప్పటి మాట. నాలుగూ ఒకే కొక్కేనికి తగిలిస్తే అవి వాలుగా వస్తాయి. నేలకు 60 డిగ్రీల వాలు ఉంటే ఒక్కో కొస మీద 8.1 టన్నులు, 45 డిగ్రీలైతే 9.9, 30 డిగ్రీలైతే 14. బోటు బరువు అణువంత పెరగకుండానే బెల్టు మీద లాగుడు రెట్టింపయింది.

వాలు బెల్టు బోటు పక్కలను లోపలికి నొక్కుతుంది కూడా. 45 డిగ్రీల దగ్గర ఆ నొక్కుడు ఒక్కో కొసకు ఏడు టన్నులు. పైచెక్కలు పగలడానికి అది చాలు. దీనికి మందు స్ప్రెడర్ బీమ్, అంటే బోటు వెడల్పు కంటే కాస్త పొడవైన ఇనుప దూలం. అది కొసలను విడదీసి నిలువుగా దించుతుంది. ఉక్కు తయారయ్యే ఊళ్లో ఒక దూలాన్ని లెక్క ప్రకారం చేయించి, పరీక్షించి, దాని మీద భార పరిమితి రాయించుకోవడం బోట్ల సంఘాలకు పెద్ద ఖర్చు కాదు.

బెల్టు ఎక్కడ వేయాలన్నది మరో విద్య. ఇంజన్ వెనక ఉంటుంది కాబట్టి వెనక బెల్టు మీద భారం ఎక్కువ. ప్రొపెల్లర్ షాఫ్టు మీద, చుక్కాని మీద, అడుగున బిగించిన ఎకో సౌండర్ మీద బెల్టు పడకూడదు. లోపల అడ్డగోడ గాని, గట్టి పక్కటెముక గాని ఉన్నచోటే పడాలి. ఏ చోటన్నది బోటు నీళ్లలో ఉన్నప్పుడు కనబడదు. అందుకే తెలివైన యజమాని ఒకసారి ఒడ్డెక్కిన బోటు పక్కన, పైఅంచు దగ్గర చెరగని రంగుతో రెండు గుర్తులు పెట్టించుకుంటాడు. ముక్కు సన్నగా ఉంటుంది కాబట్టి ముందు బెల్టు ముందుకు జారిపోవాలని చూస్తుంది. రెండు బెల్టులనూ ఇరువైపులా తాడుతో ఒకదానికొకటి కట్టేస్తే జారదు.

బెల్టు రంగే దాని శక్తిని చెబుతుంది. పసుపు మూడు టన్నులు, ఎరుపు ఐదు, నీలం ఎనిమిది, నారింజ పది. కుట్టిన చీటీ మీద తయారీదారు పేరు, భార పరిమితి ఉంటాయి. చీటీ ఊడిన బెల్టు ఎంత కొత్తగా కనిపించినా దాని శక్తి ఎంతో ఎవరికీ తెలియనట్టే. అడుగున పట్టిన గుల్లల అంచులు తడి బెల్టును కోసేస్తాయి. కాబట్టి గుల్లలున్న చోట బెల్టుకు మందపాటి తొడుగు వేయాలి. ఇనుప రోపు వాడేచోట లెక్క వేరు. రోపు మందానికి ఎనిమిది రెట్ల పొడవులో, మొత్తం తీగల్లో పదో వంతుకు మించి తెగి కనిపిస్తే దాన్ని వాడకూడదని డాక్ కార్మికుల భద్రతా నిబంధనలు చెబుతున్నాయి.

అనుభవమున్న రిగ్గరు బోటును ముందు జానెడు లేపి ఆపిస్తాడు. ముక్కు లేస్తోందా, వెనక లేస్తోందా, ఒక పక్కకు ఒరుగుతోందా, అడుగున నీరు ఎటు పరుగెడుతోందో చూస్తాడు. తేడా ఉంటే దించి బెల్టు మారుస్తాడు. ఆ రెండు నిమిషాల ఓపిక లేనిచోటే గాల్లో బోటు జారుతుంది.

కాలి కింద నేల

కూలిన క్రేన్ల కథల్లో యంత్రం విరిగినవి కొన్నయితే, నేల కుంగినవి మరికొన్ని. బరువు తిరిగినప్పుడు ఒక్క అవుట్‌రిగ్గర్ కాలి మీదే 20 టన్నులు పడొచ్చు. కాలి పళ్లెం అరమీటరు చదరమైతే అది చదరపు మీటరుకు 80 టన్నుల ఒత్తిడి. అదే కాలి కింద ఒకటిన్నర మీటరు చదరం ఉన్న దిట్టమైన దుంగల పరుపు వేస్తే తొమ్మిది టన్నుల లోపుకు దిగుతుంది. పాత జెట్టీల అంచున పైకి గట్టిగా కనిపించే కాంక్రీటు కింద అలలు మట్టిని తోడేసి ఉండొచ్చు. ఆ జెట్టీ చదరపు మీటరుకు ఎంత మోయగలదో ఆ లెక్క రేవు ఇంజనీర్ల దగ్గర ఉంటుంది. క్రేను నిలబెట్టకముందే దాన్ని అడగాలి.

గాలి సంగతీ అంతే. నిషేధ కాలమంటే నడివేసవి, సాయంత్రాలు ఈదురుగాలులు లేచే కాలం. మొబైల్ క్రేన్ల తయారీదారులు సాధారణంగా సెకనుకు పది మీటర్ల దరిదాపుల్లో గాలి పరిమితి పెడతారు. బోటు పక్క వెడల్పుగా, నిలువుగా ఉంటుంది. అదే బరువున్న ఇనుప దిమ్మె కంటే దాని మీద గాలి చాలా ఎక్కువ పట్టుకుంటుంది. బోటు ఊగకుండా పట్టే కట్టుతాళ్లు రెండు, ముందొకటి వెనకొకటి, నేల మీద మనుషుల చేతుల్లో ఉండాల్సిందే.

2020 ఆగస్టు 1

క్రేను కూలితే ఏమవుతుందో విశాఖకు చెప్పనక్కర్లేదు. ఆ శనివారం హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో వాడకంలోకి తెచ్చే ముందు పరీక్షిస్తున్న 70 టన్నుల జెట్టీ క్రేను ఒక్కసారిగా కుప్పకూలింది. 11 మంది చనిపోయారు. వారిలో నలుగురు షిప్‌యార్డ్ ఉద్యోగులు, మిగతా ఏడుగురు కాంట్రాక్టు కార్మికులు. ఒక్కో కుటుంబానికి 50 లక్షల రూపాయల పరిహారం ప్రకటించారు. సంస్థ, జిల్లా యంత్రాంగం వేర్వేరుగా విచారణ కమిటీలు వేశాయి. క్రేను కూలిన దృశ్యాన్ని ఫోన్లలో దేశమంతా చూసింది.

ఆ రోజు అక్కడ బోటు లేదు. అయినా బోటు ఎత్తేవాళ్లు ఆ ఘటన నుంచి గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. యంత్రం మీద అనుమానం ఉన్న సమయమే పరీక్ష సమయం. దాని పరిధిలో ఎంత తక్కువమంది ఉంటే అంత క్షేమం. బోటు ఎత్తే ప్రతిసారీ కొత్త చోటు, కొత్త బరువు, కొత్త దూరం. కాబట్టి ప్రతి లిఫ్టూ ఒక పరీక్షే. బూమ్ తిరిగే మేర చుట్టూ తాడు కట్టి, లోపలికి ఎవరినీ రానివ్వకపోవడానికి సర్టిఫికెట్లు అక్కర్లేదు, ఒక తాడు చాలు. బోటు గాల్లో ఉండగా కలాసీ ఒకడు పైన నిలబడి తాళ్లు సర్దే దృశ్యం మన రేవుల్లో ఎక్కడా కనిపించకూడనిది.

క్రేను ఓడిన చోట

బరువెంత, దూరమెంత అన్న ప్రశ్నకు అత్యంత కఠినమైన రూపం నీళ్లలో మునిగిన పడవను తీయడం. తెలుగునాట ఈమధ్య రెండుసార్లు అది అందరి కళ్లముందూ జరిగింది.

2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు గోదావరిలో మునిగింది. బోటులో ఉన్న 77 మందిలో ప్రాణాలతో బయటపడింది 26 మంది. రెండు వందల అడుగుల లోతు, సుడులు, వరద. కొండల మధ్య ఆ చోటికి పెద్ద క్రేనును చేర్చే దారి లేదు. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఇనుప రోపులతో, లంగర్లతో, ఒడ్డున ప్రొక్లెయినర్‌తో దాన్ని ఏటి అడుగున లాక్కుంటూ రావడానికి ప్రయత్నించింది. రోపులు తెగాయి, వరద పెరిగి పని ఆగింది. డైవర్లు దిగి బోటుకు తాడు బిగించాక, 38వ రోజున, అక్టోబరు 22న అది బయటికొచ్చింది.

రెండోది 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల రికార్డు వరద వచ్చినప్పుడు ఎగువ నుంచి కొట్టుకొచ్చిన భారీ పడవలు గేట్లను ఢీకొని కౌంటర్ వెయిట్లను విరగ్గొట్టాయి. దెబ్బతిన్న కౌంటర్ వెయిట్ల స్థానంలో కొత్తవి పెట్టే పని గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో త్వరగానే అయింది. పడవలు మాత్రం కదల్లేదు. బ్యారేజీ మీద భారీ క్రేన్లు నిలిపి లాగారు, రాలేదు. విశాఖ నుంచి వచ్చిన డైవర్లు నీటి కింద కోసి ముక్కలు చేయబోయారు, పని నెమ్మదిగా సాగింది. చివరికి ఫలించింది కాకినాడ నుంచి వచ్చిన అబ్బులు బృందం పద్ధతి. రెండు పెద్ద పడవలను ఇనుప గడ్డర్లతో కలిపి, మధ్యలో మునిగిన పడవను చైన్ పుల్లీలతో నీటిలోనే పైకి లేపి, అలాగే ఎగువకు తీసుకుపోయారు.

ఇక్కడ గెలిచింది సాహసం అనుకుంటే సగమే అర్థమైనట్టు. ఒక్కోటి 40 టన్నుల పైబడిన పడవ నిండా నీరు, ఇసుక. పైగా గేట్ల మధ్య ఇరుక్కుపోయింది. బ్యారేజీ మీది క్రేనుకు అది దూరంలో ఉన్న బరువు, అందులోనూ ఎంతో తెలియని బరువు. కాకినాడవాళ్లు దూరాన్నే తీసేశారు. బరువుకు సరిగ్గా ఇరుపక్కలా పడవలు నిలిపారు, భారాన్ని నీటి తేలుబలం మీద వేశారు. పడవను నీళ్లలోంచి పూర్తిగా బయటికి ఎత్తే ప్రయత్నమే చేయలేదు, కాబట్టి దాని పూర్తి బరువు ఎవరూ మోయాల్సిన పనిలేకపోయింది. రేడియస్ లెక్క కాగితం మీద రాసుకున్నా రాసుకోకపోయినా, పని ఆ లెక్కకు లోబడే జరిగింది.

సంపన్న దేశాల్లోనూ ఇలాంటి పని తేలిక కాదు. 2024 ఆగస్టు 19న సిసిలీ దగ్గర మునిగిన 56 మీటర్ల బయీసియన్ విలాస నౌకను తీయడానికి భారీ తేలే క్రేన్లు తెచ్చారు. సన్నాహాల్లోనే, 2025 మే నెలలో, ఒక డైవర్ చనిపోయాడు. 72 మీటర్ల తెరచాప స్తంభాన్ని ముందే కోసి, లోపలి నీటిని తోడుతూ మెల్లగా లేపి జూన్‌లో పైకి తెచ్చారు. నీరు తోడటం, అడ్డాలు తీసేయడం, మెల్లగా లేపడం. ఈ పనుల వరుస ఫిషింగ్ హార్బర్‌లో చిన్న బోటుకూ వర్తిస్తుంది.

దించడం ఎత్తడం కంటే తేలికా?

చాలామంది అలాగే అనుకుంటారు, కానీ కాదు. రెండు నెలలు ఎండలో ఉన్న చెక్క బోటు పలకలు ఎండి కుదించుకుపోతాయి, సందులు విచ్చుతాయి. నీళ్లలో పెట్టిన తొలి గంటల్లో కారడం మామూలే, పలకలు నాని ఉబ్బితే సందులు మూసుకుంటాయి. ఈలోగా బెల్టులు విప్పేసి క్రేను వెళ్లిపోతే బోటు జెట్టీ పక్కనే మునగొచ్చు. కాబట్టి బోటు తేలాక కూడా బెల్టులు వదులుగా అలాగే ఉంచి, సరంగు లోపలికి దిగి షాఫ్టు గ్లాండ్, సముద్రపు నీటి వాల్వులు, అడుగు చూడాలి. పంపు సిద్ధంగా ఉండాలి. క్రేను గంట అద్దె మిగల్చబోయి బోటును పోగొట్టుకోవడం ఎవరికీ లాభసాటి కాదు.

దించడంలో ప్రమాదం ఎంతటిదో పెద్ద ఓడల లైఫ్‌బోట్లు చెబుతాయి. బ్రిటన్ సముద్ర ప్రమాదాల దర్యాప్తు విభాగం 2001లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, అంతకు ముందు పదేళ్లలో, ప్రాణాలు కాపాడటానికి పెట్టిన ఆ బోట్లను దించే, ఎత్తే అభ్యాసాల్లోనే 12 మంది నావికులు చనిపోయారు, 87 మంది గాయపడ్డారు. చాలా ఘటనల్లో లోపం కొక్కేలది, వాటిని విడదీసే యంత్రాంగానిది. ఆ తర్వాత అంతర్జాతీయ సముద్ర సంస్థ కొక్కేల నిబంధనలను కట్టుదిట్టం చేసింది. ఉత్తర కొరియాలోని చోంగ్‌జిన్‌లో 2025 మే 21న కొత్త యుద్ధనౌకను పక్కవాటుగా నీళ్లలోకి తోస్తే వెనకభాగం ముందే జారి, ఓడ ఒరిగిపోయింది. దేశాధినేత కళ్లముందే అది జరిగింది. ముందూ వెనకా ఒకే వేగంతో కదలకపోతే ఓడకైనా, బోటుకైనా అదే గతి.

చట్టం ఉంది, లిఫ్టుకు యజమాని లేడు

ఎత్తే యంత్రాలను, గొలుసులను, రోపులను సమర్థుడైన వ్యక్తి చేత ఏడాదికొకసారి క్షుణ్ణంగా పరీక్ష చేయించాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్ చెప్పింది. భార పరిమితి స్పష్టంగా రాసి ఉండాలని, దానికి మించి ఎత్తరాదని కూడా చెప్పింది. రేవుల కోసం 1986 చట్టం, 1990 నిబంధనలు వచ్చాయి. ఐదేళ్లకొకసారి భార పరీక్ష, ఏటా తనిఖీ వాటిలో ఉన్నాయి. ఇవన్నీ కలిపి 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది.

కాగితం మీద ఇది తక్కువేమీ కాదు. కాకపోతే చట్టం ప్రధానంగా చూసేది యంత్రాన్ని. బోటు ఎత్తే ఆ గంటలో క్రేను ఒకరిది, డ్రైవరు ఆయన మనిషి, బోటు ఇంకొకరిది, బెల్టులు వేసేది కలాసీలు, జెట్టీ రేవు సంస్థది. బరువెంత, దూరమెంత, చార్టు ఏమంటోంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు రాసి సంతకం పెట్టాల్సింది ఎవరు? పెద్ద కర్మాగారాల్లో దానికి లిఫ్ట్ ప్లాన్ అనే కాగితం, లిఫ్టింగ్ సూపర్‌వైజర్ అనే మనిషి ఉంటారు. అద్దె క్రేనుతో బోటు లేపే చోట ఆ బాధ్యత నలుగురి మధ్య చెదిరిపోతుంది.

దీనికి పరిష్కారం ఖరీదైనది కాదు. కొక్కేనికి తగిలించే లోడ్ సెల్ ఒకటి హార్బర్‌కు కొంటే ప్రతి బోటు అసలు బరువు నమోదవుతుంది, మరుసటి ఏడాదికి ఊహ అక్కర్లేదు. జెట్టీ మీద క్రేను నిలిచే చోట్లను ఇంజనీర్లు తేల్చి రంగు గీతలు గీస్తే నేల చిక్కు తీరుతుంది. శిక్షణ పొందిన సిగ్నల్‌మన్ ఒక్కడే సైగ చేయాలి. 'ఆపు' అన్న సైగను మాత్రం ఎవరు చేసినా డ్రైవరు ఆపాలి. రేవు యాజమాన్యం, మత్స్యశాఖ, బోట్ల యజమానుల సంఘాలు కలిసి ఒక లిఫ్టింగ్ సూపర్‌వైజరును నియమించుకుంటే ఆ మూడు ప్రశ్నలకు జవాబుదారీ దొరుకుతాడు.

అది జరిగేదాకా బోటు యజమాని చేతిలో ఉన్నది ఒకటుంది. క్రేను మాట్లాడుకునేటప్పుడు 'ఎన్ని టన్నులది?' అని అడిగి ఊరుకోవద్దు. 'మా బోటు నిలిచిన చోట అది ఎన్ని టన్నులు ఎత్తుతుంది?' అని అడగండి, చార్టు తీసి చూపించమనండి. చూపించలేని క్రేనును వెనక్కి పంపండి.